చెల్లిని బీటెక్ చదివించాలి, ఫీజుకి సాయం ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్తే. మాది నల్గొండ దగ్గర పల్లెటూరు, బీసీలం, నాన్నది రెండెకరాల సేద్యం. చెల్లి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, బాగా చదువుతది, కానీ ఫీజులు తలుచుకుంటే నిద్ర పడ్తలేదు. తమ్ముడు ఎనిమిదో తరగతి, గవర్నమెంట్ స్కూల్. ఏమైనా దారి చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
తమ్మీ, ముందు ఈపాస్ చూడు, అది తెలంగాణ గవర్నమెంట్ ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్‌ల సైట్. పల్లెల్లో బీసీలకి ఇంటి ఆదాయం ఏడాదికి లక్షన్నర లోపు ఉండాలి, ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే 35,000 వరకు. సీటు మాత్రం కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకు మీద గవర్నమెంట్ కౌన్సెలింగ్‌లోనే రావాలి, మేనేజ్‌మెంట్ కోటాకి పైసా రాదు. మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసిపెట్టుకో, బ్యాంకు అకౌంట్‌కి ఆధార్ లింకు అయిందో లేదో చూస్కో, నాకు అది కాకనే ఒక ఏడాది స్కాలర్‌షిప్ ఆగిపోయింది, ఇంట్లో అమ్మ గాజులు కుదువ పెట్టాల్సొచ్చింది, ఇప్పటికీ బాధే.

జవాబు 2:
అమ్మాయి కదా, ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ సంగతి కూడా చూడండి! ఏడాదికి 50,000, ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే చాలు. ఫస్టియర్‌లో చేరగానే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి, చివరి తేదీ దాకా ఆగొద్దు, సైట్ మొరాయిస్తది.

జవాబు 3:
తమ్ముడి సంగతి మర్చిపోకండి, ఎన్ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, అది ఎనిమిదిలోనే రాయాలి, తర్వాత ఛాన్స్ లేదు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. రేపే హెడ్మాస్టర్‌ని కలవండి.

అడిగినతను:
చాలా థ్యాంక్స్ అన్నా, రేపు పొద్దున్నే మీసేవకి పోతా.