వీడియోలు చూసి వెబ్ డిజైన్ నేర్చుకోవడం కుదిరే పనేనా?

పలక_బలపం
ఎనిమిది నెలలుగా ఆన్‌లైన్ పాఠాలు చూస్తున్నాను. పేజీలో ఏమేం ఉండాలో రాసే హెచ్‌టీఎంఎల్, దాని రూపం దిద్దే సీఎస్‌ఎస్ అయ్యాయి, పేజీకి కదలిక తెచ్చే జావాస్క్రిప్ట్ సగంలో ఉంది. వీడియోలో చేసిన సైట్లు నాలుగూ నేనూ చేశాను, అచ్చం అలాగే వచ్చాయి. మొన్న మా అక్క నడిపే సంగీతం తరగతులకు ఒక సైట్ చేసిద్దామని ఖాళీ ఫైలు తెరిచాను. గంటసేపు కర్సర్ మినుకుమినుకుమంటూనే ఉంది, ఏ ట్యాగుతో మొదలెట్టాలో తోచలేదు. ఇంట్లో ఏదైనా ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటున్నారు. ఈ ఎనిమిది నెలలూ వృథాయేనా? ఆన్‌లైన్ పాఠాలతోనే ఈ పని వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

నాలుగో_వరుస
వృథా అనను కానీ, వీడియో మన తప్పు చూడదండీ. నేను క్లాసుకు వెళ్లి నేర్చుకున్నాను. మొదటి వారమే మా సార్ నా పేజీ తెరిచి, మౌస్ పక్కనపెట్టి ట్యాబ్ కీ నొక్కుకుంటూ పోయారు. నా ‘పంపండి’ బటన్ దగ్గర అది ఆగనే లేదు. నేను దాన్ని బటన్ ట్యాగుతో కాకుండా డివ్ అనే ఉత్త పెట్టెతో చేసి రంగు పూశాను. చూడ్డానికి బటనే, కీబోర్డుతో వాడేవాళ్లకు మాత్రం అక్కడేమీ లేనట్టే. పక్కన మనిషి లేకపోతే అది నాకు ఏనాటికీ తెలిసేది కాదు. చేరిపోండి.

అక్షరం_ముందు
పన్నెండేళ్లుగా ఇదే నా పని. ఒక్కరోజు కూడా క్లాసుకు వెళ్లలేదు. కాబట్టి వస్తుందా అంటే వస్తుంది. కానీ చూస్తే రాదు, మీరు అక్కడే ఆగిపోయారు.

నాకు జరిగింది చెప్తాను. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టాలి. ఒక్కోదానికి 50 శాతం వెడల్పు, ఎడమకు జరిపే ఫ్లోట్ లెఫ్ట్. వీడియోలో బుద్ధిగా కూర్చున్నాయి. నా పేజీలో లోపల అంచు చుట్టూ 20 పిక్సెళ్ల ఖాళీ (ప్యాడింగ్) ఇవ్వగానే రెండోది కిందికి జారిపోయింది. రెండు రోజులు కుస్తీ పట్టాను. చివరికి బ్రౌజర్‌లో పేజీ లోపలి కొలతలు చూపే డెవలపర్ టూల్స్ తెరిచి ఆ పెట్టె మీద మౌస్ పెడితే, సగం వెడల్పుకు తోడు అటు 20, ఇటు 20 కలుస్తున్నాయని కనబడింది. ఒక్కో పెట్టె సగం కాదు, సగం మీద ఇంకో 40 పిక్సెళ్లు. వీడియో మొదట్లో పాఠం చెప్పేఆయన ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’ అని, అంటే ప్యాడింగ్‌ను కూడా వెడల్పులోనే లెక్కించమని, ఒక లైను కొట్టి, ఎందుకో చెప్పకుండా ముందుకు వెళ్లిపోయారు. నేను నా ఫైల్లో అది రాయలేదు. ఆ లైను విలువ నాకు తెలిసింది ఆ రెండు రోజుల వల్లే.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. పాఠాల్లో చేసే సైట్లన్నీ లోరెం ఇప్సమ్‌తో నిండి ఉంటాయి. మూడు కార్డులు, మూడింట్లోనూ ఒకే పొడవున అర్థంలేని లాటిన్ ముక్కలు. అసలు సైట్‌కి వచ్చేసరికి ఒక తరగతి పేరు రెండు మాటలు, ఇంకోదాని పేరు ఏడు మాటలు, మూడోదానికి ఫొటోనే ఉండదు. అప్పుడు ఏం చేయాలో తేల్చుకోవడమే డిజైన్. ఖాళీ ఫైలు ముందు మీకు చేయి ఆడనిది సీఎస్‌ఎస్ రాక కాదు, ఆ పేజీ ఏం చెప్పాలో తేలక. ఫైలు మూసేసి కాగితం తీయండి. అక్కకు ఫోన్ చేసేవాళ్లు ఏమేం అడుగుతారో ఆవిణ్నే అడగండి. ఆ జవాబులు మామూలు వాక్యాల్లో రాసుకోండి. ఏది శీర్షిక, ఏది జాబితా, ఏది లింకు అన్నది ఆ కాగితమే చెప్తుంది.

కొత్త_పేజీ
ఒక్క మాట. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టడానికి ఈ రోజుల్లో ఫ్లోట్ ఎందుకండీ? సీఎస్‌ఎస్‌లోనే పెట్టెలను వరసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్స్ ఉంది, 2017 నుంచి పెద్ద బ్రౌజర్లలో గళ్లుగా పేర్చే గ్రిడ్ ఉంది. ఆన్‌లైన్ పాఠాలతో నా గొడవే ఇది. పదేళ్ల కిందటి వీడియో, నిన్నటి వీడియో వెతుకులాటలో పక్కపక్కనే వస్తాయి. కొత్తవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? డబ్ల్యూ3స్కూల్స్ అనే పాఠాల సైటు పేరు చూసి అది వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్లదే అనుకున్నాను చాన్నాళ్లు. రెంటికీ సంబంధం లేదు. ఇప్పుడు ఏ వీడియో చూసినా, అందులోని ప్రతి కొత్త మాటనూ మొజిల్లా వాళ్ల ఎండీఎన్ అనే రెఫరెన్స్ సైట్‌లో ఒకసారి చూసుకుంటాను. ఏ బ్రౌజర్లో పనిచేస్తుందో పేజీ కిందే పట్టిక ఉంటుంది.

అక్షరం_ముందు
ఒప్పుకుంటాను, అది పాత కథే. ఇప్పుడైతే నేనూ గ్రిడ్డే వాడతాను. అయితే ఇన్‌స్టిట్యూట్ సిలబస్‌కూ అదే జబ్బు ఉంటుంది, అక్కడ ఫీజు కట్టాక తెలుస్తుంది.

వాక్యం
నేను సైట్లకు కంటెంట్ రాస్తాను. కాగితం మీద రాసుకోమన్న సలహా మంచిదే కానీ, రాయడం అంత తేలిక అన్నట్టు చెప్పడం నాకు నచ్చలేదు అక్షరం గారూ. జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 1997లోనే చెప్పారు, ఆయన పరీక్షించినవాళ్లలో 79 శాతం కొత్త పేజీని చదవలేదు, కళ్లతో జల్లెడ పట్టారు. కాబట్టి మొదటి వాక్యంలోనే సంగతి ఉండాలి. లింకు మీద ‘ఇక్కడ నొక్కండి’ అని రాయకూడదు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు లింకులు మాత్రమే వరసగా వింటే, ‘ఇక్కడ నొక్కండి’ ఆరుసార్లు వినబడుతుంది. ‘తరగతుల వేళలు’ అని రాస్తే ఏ లింకు ఎటు పోతుందో వాళ్లకు తెలుస్తుంది. లేతబూడిద రంగు అక్షరాలు తెల్లటి నేపథ్యం మీద అందంగా ఉంటాయని పెడతారు. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా) ఉండాలని డబ్ల్యూ3సీ మార్గదర్శకాలే చెప్తున్నాయి.

ఇంగ్లిష్ పాఠాలు మనకు చెప్పనిది కూడా ఒకటుంది. అందులో ఇచ్చే లైన్-హైట్ (వరుస ఎత్తు) ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేది. మనకు కింద ఒత్తులు, పైన గుడులు. అక్షరం సైజుకు 1.2 రెట్లు పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. అక్షరాల మధ్య ఖాళీ మార్చే లెటర్-స్పేసింగ్ జోలికైతే అసలు వెళ్లకండి. ఇలాంటివి నా రాతలు దిద్దిన ఎడిటర్ దగ్గర నేర్చుకున్నాను. వీడియో ఎన్నేళ్లు చూసినా రాత దిద్దదు, అందుకే నా ఓటు మనిషికే.

నాలుగో_వరుస
నేనన్నదీ అదే కదండీ.

అక్షరం_ముందు
మనిషి కావాలి, కాదనను. ఆ మనిషి నెలజీతానికి పాఠం చెప్పేవారే కానక్కర్లేదంటున్నాను. నేను చేసినవి ముక్కూమొహం తెలియనివాళ్లు దిద్దారు. అడిగితే దిద్దేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మొదటి ఏడాది నాకు సిగ్గేసి అడగలేదు, అది మాత్రం నిజంగా వృథా అయింది.

పలక_బలపం
అందరికీ ధన్యవాదాలు. నిన్న అక్కతో కూర్చున్నాను. ఫోన్ చేసేవాళ్లు మొట్టమొదట అడిగేది వయసట, ‘మా అబ్బాయికి ఆరేళ్లు, చేర్చుకుంటారా?’ అని. నేను చేద్దామనుకున్న పేజీలో ఆ సంగతే లేదు, పైన పెద్ద ఫొటో మాత్రం ఉంది. ఇప్పుడు మొదటి వాక్యం అదే. రాత్రికి పేజీ లేచింది. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనబడ్డాయి, పేజీని ఫోన్ వెడల్పుకు సర్దమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మర్చిపోయానని అరగంటకు తెలిసింది. ‘శాస్త్రీయ సంగీతం’ అన్న శీర్షిక రెండు వరుసలైనచోట మాత్రం వాక్యం గారు చెప్పినట్టే ‘స్త్రీ’ కింది ఒత్తు వెళ్లి ‘సంగీతం’ గుడికి తగులుతోంది. లైన్-హైట్ 1.6 పెట్టి చూస్తాను. రేపు సాయంత్రానికి కోడ్ మొత్తం ఇక్కడే పెడతాను, మొహమాటం లేకుండా దిద్దండి.