అండమానా, మాల్దీవులా? ఈత రాని ఇంట్లో మొదటి స్కూబా ఎక్కడ?

సుజాత_కేపీహెచ్‌బీ
అందరికీ నమస్కారం. మేం ఐదుగురం: నేను, మా వారు, బాబు (14), పాప (మొన్ననే పదేళ్ళు నిండాయి), అత్తయ్య (68, బీపీ మాత్రలు వాడతారు). ఈ వేసవి సెలవుల్లో పిల్లలతో స్కూబా (వీపున గాలి సిలిండర్ పెట్టుకుని నీటి అడుగుకి దిగడం) చేయించాలని మా వారి పట్టుదల. ఈత నాకొక్కదానికే వచ్చు, అదీ అంతంత మాత్రమే. ఆయన మాల్దీవులంటున్నారు, నేను అండమాన్ అంటున్నాను. మే రెండో వారంలో వెళ్ళాలని అనుకుంటున్నాం. అత్తయ్యని వదిలి వెళ్ళలేం. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. గోవా మాత్రం చెప్పకండి, చూసేశాం.

షార్జా_శ్రీను
సుజాత గారూ, చోటు మీరు సరిగ్గానే ఎంచారు, నెలే కుదర్లేదు. అండమాన్‌లో సముద్రం బాగుండేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. జనవరి దాటాక ఇంకా నిలకడగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి రావడానికి ముందే అక్కడ దిగుతాయి, మామూలుగా మే మూడో వారానికి. 2023 మేలో మోచా తుపాను పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే. గాలి లేచిందంటే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్ దీవికి వెళ్ళే ఫెర్రీలు ఆపేస్తారు. హోటల్‌కి డబ్బు కట్టేసి, జెట్టీ దగ్గర సూట్‌కేసుల మీద కూర్చోవాలి.

కొత్తవాళ్ళకి హేవ్‌లాకే ఎందుకంటే, అక్కడ నెమో రీఫ్ అనే పగడపు దిబ్బకి ఒడ్డు నుంచి నడిచి దిగొచ్చు. పడవ లేదు, వాంతులు లేవు. ముందు నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి నేర్పుతారు: మాస్క్‌లోకి నీళ్ళొస్తే పైఅంచు నుదుటికి నొక్కి ముక్కుతో ఊదడం, రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చే మూతి) నోట్లోంచి జారితే వెతికి మళ్ళీ పెట్టుకోవడం. కాళ్ళకింద ఇసుక తగులుతుంటే సగం భయం అక్కడే పోతుంది. పదేళ్ళు నిండాయి కాబట్టి పాప కూడా డిస్కవర్ స్కూబా చేయొచ్చు. అది పరిచయం మాత్రమే, కోర్సు కాదు. 12 మీటర్లు దాటి తీసుకెళ్ళరు. దానికి ఈత రానక్కర్లేదు.

మాల్దీవులు బాగుండవని కాదు. మనకి వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు, స్థానికులుండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు రిసార్టుల కంటే ఎంతో చవక. కానీ అక్కడ పేరున్న డైవ్‌లు చాలావరకు దీవుల మధ్య కాలువల్లో, ప్రవాహం లాగే చోట. ఒడ్డున ఉన్న రీఫ్ బాగున్న దీవి దొరికితే సరే, లేకపోతే కొత్తవాళ్ళకి చూసేందుకు పెద్దగా ఉండదు. పైగా మేలో అక్కడా గాలులు మొదలవుతాయి. స్పీడ్‌బోటు కుదుపులకి అత్తయ్య గారి నడుం సంగతి కూడా చూసుకోండి.

గోదారోడు
"ఈత రానక్కర్లేదు" అని ఎంత తేలిగ్గా రాశారు తమ్ముడూ! రాజమండ్రిలో పుట్టి పెరిగినవాణ్ణి, నీళ్ళంటే ఏమిటో తెలుసు. ఈత రానివాడు మోకాలి లోతులో కూడా కంగారు పడతాడు. కంగారు పడ్డవాడు పక్కవాడి మెడ పట్టుకుంటాడు.

సుజాతమ్మా, ఈ వేసవి ఎక్కడికీ వెళ్ళకండి. పిల్లలిద్దర్నీ స్విమ్మింగ్ పూల్‌లో చేర్పించండి. వచ్చే ఏడు చూసుకోవచ్చు.

విశాఖ_తరంగం
రుషికొండ ఉండగా అంత దూరాలెందుకండీ? పొద్దున దిగితే మధ్యాహ్నానికి ఇంట్లో భోజనం.

షార్జా_శ్రీను
@గోదారోడు: అన్నా, అది నా సొంత మాట కాదు, నియమమే అంత. ఈత పరీక్ష పెట్టేది ఓపెన్ వాటర్ అనే పూర్తి స్కూబా కోర్సుకి: 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. పరిచయ డైవ్‌కి అది లేదు.

పైగా ఈత వేరు, స్కూబా వేరు. ఈతగాళ్ళు నీళ్ళలో తల పెట్టగానే ఊపిరి బిగబడతారు. స్కూబాలో మొదటి సూత్రమే ఊపిరి బిగబట్టకూడదని. లోతులో పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గోదావరి గజ ఈతగాళ్ళకి ఈ అలవాటు మాన్పించడమే కష్టం.

@విశాఖ_తరంగం: మీ ఊరంటే నాకూ ఇష్టమే. కానీ మొదటిసారి దిగేవాళ్ళకి నీళ్ళు తేటగా ఉండాలి. మసక నీళ్ళలో పిల్లలు హడలిపోతారు.

విశాఖ_తరంగం
ఎప్పుడో అలలున్న రోజు వచ్చుంటారు. చలికాలంలో వచ్చి చూడండి.

గోదారోడు
నియమం లేదు, ఒప్పుకున్నా. బుద్ధి ఉండాలా వద్దా? సైకిల్ రానివాణ్ణి మోటారు సైకిల్ వెనక కూర్చోబెట్టి "చూడు, నడపడం వచ్చేసింది" అన్నట్టుంది మీ పరిచయ డైవ్. వెనకనుంచి సిలిండర్ పట్టుకుని ఈడ్చుకెళ్తాడు, ఫొటో తీస్తాడు, పైకి తెస్తాడు. అది స్కూబానా?

డల్లాస్_లలిత
మేం ఇక్కణ్ణుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్ళాం. నీళ్ళు చాలా తేట, కానీ ప్రవాహం మనల్ని తోసుకుపోతూనే ఉంటుంది. మా ఆయన తొలి డైవ్ అదే, మళ్ళీ దిగలేదు. చోటు అందంగా ఉందా అని కాదు, మొదటి రోజుకి సరిపోతుందా అని చూడండి.

కర్నూలు_ఈఎన్‌టీ
చెవి డాక్టరుగా ఒక మాట. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది పైనుంచి మొదటి కొన్ని మీటర్లలోనే. పది మీటర్లకే ఒత్తిడి రెట్టింపవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి, అదీ నొప్పి మొదలయ్యే ముందే. పిల్లలు నొప్పి వచ్చేదాకా ఆగుతారు. జలుబుంటే ఆ రోజు డైవ్ మానేయాలి, "ముక్కు చుక్కలు వేసుకుని దిగుతాం" అనొద్దు. డైవ్‌కి ముందు ఆరోగ్య పత్రం నింపిస్తారు. ఆస్తమా, చెవి ఆపరేషన్ లాంటివాటికి "ఉంది" అని రాస్తే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. అడుగుతారని దాచిపెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. అత్తయ్య గారిని దించే ఆలోచన లేదు కదా?

సుజాత_కేపీహెచ్‌బీ
అయ్యో లేదండీ. ఆవిడ ఒడ్డున కూర్చుంటే చాలు, కాఫీ ఉండాలంతే.

షార్జా_శ్రీను
డాక్టరు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య 12 గంటలు వదలండి.

కర్నూలు_ఈఎన్‌టీ
18.

షార్జా_శ్రీను
ఒక్కసారే దిగితే 12 అండీ. రోజుకి ఎక్కువసార్లు, లేదా వరసగా కొన్ని రోజులు దిగితేనే 18. వీళ్ళది ఒక్కసారే.

కర్నూలు_ఈఎన్‌టీ
మొదటిది బాగుంటే బాబు రెండోది అడుగుతాడు, మీరూ సరే అంటారు. అందుకే ప్లాన్ వేసేటప్పుడే 18 వేసుకోమంటున్నాను.

షార్జా_శ్రీను
ప్లాన్ వేరు, నియమం వేరు. తప్పు సమాచారం ఉండకూడదని చెప్తున్నాను.

కర్నూలు_ఈఎన్‌టీ
తప్పేముంది? ఎక్కువ ఆగితే ఎవరికీ నష్టం లేదు.

మౌన_ప్రేక్షకుడు
ఒక రోజు ఎక్కువ ఉండి హేవ్‌లాక్‌లోనే ఉన్న రాధానగర్ బీచ్ చూసుకుని రండి, ఇద్దరి లెక్కా సరిపోతుంది.

గోదారోడు
గంటల లెక్క తేలింది కాబట్టి అసలు సంగతి చెప్తాను. మా బావమరిది కూతురు, పదకొండేళ్ళది. చోటు పేరు, కంపెనీ పేరు రాయను. ఒడ్డు మీద నేర్పారు: బొటనవేలు పైకి చూపిస్తే "పైకెళ్దాం" అని, బాగుంటే వేళ్ళు గుండ్రంగా కలపాలని. దిగాక చెవి నొప్పి పుట్టింది, పిల్ల బొటనవేలు పైకెత్తింది. వెనకున్నవాడికి కనపడలేదో, కనపడినా కెమెరావాడు ఎదురుగా ఉన్నాడని ఆగలేదో, ఇంకా కిందికే తీసుకెళ్ళాడు. డబ్బు కట్టి కొనుక్కున్న వీడియోలో అంతా ఉంది. పిల్ల బొటనవేలు ఊపుతూనే ఉంటుంది, వెనక పాట వాయిస్తూ ఉంటుంది. పైకొచ్చాక ముక్కులోంచి రక్తం. కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. నెలల తరబడి తలస్నానానికి చెవిలో దూది.

ఇప్పుడు చెప్పండి, ఈత రానక్కర్లేదా?

షార్జా_శ్రీను
వింటే బాధగా ఉంది. కానీ పాపకి ఈత వచ్చుంటే మాత్రం ఏం మారేది? చెవి నొప్పికీ ఈతకీ సంబంధం లేదు. తప్పు ఆ ఇన్‌స్ట్రక్టర్‌ది. అందుకే ఎంతమందికి ఒకరు, ముందు నీళ్ళలో నేర్పుతారా, మధ్యలో ఆపేస్తే ఏం చేస్తారు అని అడిగి ఎంచుకోమనేది. ఒక చెడ్డ చోటుని పట్టుకుని దేశంలోని సముద్రాలన్నీ మూసేస్తారా?

గోదారోడు
మీ పిల్ల కాదు కాబట్టి అలాగే మాట్లాడతారు. గల్ఫ్‌లో కూర్చుని సలహాలివ్వడం తేలికే.

షార్జా_శ్రీను
గోదారోడు గారూ, మర్యాదగా మాట్లాడండి. నా కూతురు ఫుజైరాలో నా పక్కనే దిగుతుంది. ఎక్కడ కూర్చున్నానో మీకెందుకు? నేనడిగినదానికి ఇంతవరకూ జవాబివ్వలేదు.

గోదారోడు
జవాబా? ఆ పిల్ల పడవలోనే వద్దని ఏడ్చింది. నీళ్ళంటే భయం, ఈత రాదు కాబట్టి భయం. "ఇంత డబ్బు కట్టాం, దిగు" అని నెట్టింది వాళ్ళ నాన్నే. నేనూ అదే పడవలో ఉన్నాను. చాలా?

డల్లాస్_లలిత
అంటే గోల ఈత గురించి కాదన్నమాట. పిల్ల "వద్దు" అంది, ఎవరూ వినలేదు. పైనా వినలేదు, కిందా వినలేదు.

సుజాత గారూ, మీ పాపని అడిగారా?

రవి_కేపీహెచ్‌బీ
మొదటి పోస్టులో "పట్టుదల" అని రాసింది నా గురించే. మా ఆవిడ లింక్ పంపితే మొత్తం చదివాను. పిల్లల్ని అడిగి చేస్తే ఏ పనీ జరగదండీ. బడికి వెళ్తావా అంటే వద్దంటారు, ఇంజెక్షన్ అంటే వద్దంటారు. మా ఊరి చెరువు గట్టు దాకా కూడా మా నాన్న నన్ను వెళ్ళనిచ్చేవాడు కాదు. నలభై దాటినా షవర్ కింద తల పెట్టాలంటే నాకు ఊపిరాడదు. నా పిల్లలకి అది రాకూడదు. అందుకే మేమంతా కలిసి దిగాలంటున్నాను.

షార్జా_శ్రీను
రవి గారి మాటలో న్యాయం ఉంది. మొదట్లో కాస్త నెట్టకపోతే ఎవరూ ఏదీ నేర్చుకోరు.

డల్లాస్_లలిత
బడి, ఇంజెక్షన్ తప్పవు. ఇది సెలవు. రవి గారూ, ఏమనుకోవద్దు, భయం మీది, సిలిండర్ పాప వీపు మీదా?

కర్నూలు_ఈఎన్‌టీ
వైద్యం వైపు నుంచి చెప్తాను. భయంతో బిగుసుకున్న పిల్ల గబగబా ఊపిరి తీస్తుంది, చెవులు సర్దుకోవడం మర్చిపోతుంది, సైగలు గుర్తుండవు. నెట్టి దించితే అన్నీ ఒకేసారి మీదపడతాయి. నెట్టాలనుకుంటే స్విమ్మింగ్ పూల్‌కి నెట్టండి. ఎనిమిదేళ్ళ నుంచే రెండు మీటర్ల లోతులో స్కూబా పరిచయం చేయించేవి ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి.

గోదారోడు
అదే కదా నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది. స్విమ్మింగ్ పూల్.

షార్జా_శ్రీను
మీరన్నది ఈత నేర్పించమని. ఆయనన్నది స్విమ్మింగ్ పూల్‌లో స్కూబా. రెండూ ఒకటి కాదు.

గోదారోడు
నీళ్ళు ఒకటే కదా.

సుజాత_కేపీహెచ్‌బీ
అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఇంట్లో ఈ చర్చ ఇక్కడికంటే గట్టిగా జరిగింది. పాపని పిలిచి అడిగాం. స్విమ్మింగ్ పూల్‌లో అయితే చేస్తానంది, సముద్రంలో పైనుంచి చూస్తానంది. చేపలు కాళ్ళకి తగులుతాయట. మా వారు కాసేపు ముఖం మాడ్చుకున్నారు కానీ, పాపతో పాటు తనూ పూల్‌లో దిగుతానన్నారు. అది నాకు స్కూబా కంటే పెద్ద విషయం.

మే ప్రయాణం మానుకున్నాం. సంక్రాంతికి హేవ్‌లాక్. బాబు, నేను నెమో రీఫ్‌లో దిగుతాం. మా వారి సంగతి అక్కడికెళ్ళాక ఆయనిష్టం. పాపకి, అత్తయ్యకి అడుగున అద్దం ఉన్న పడవ. ఒక చిక్కుంది: పండక్కి ఊళ్ళో లేకపోతే అత్తయ్య ఒప్పుకోరు. అందుకని భోగి, సంక్రాంతి తెనాలిలో చేసుకుని, కనుమ పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి హైదరాబాద్ చేరాలి. మర్నాడు విమానం. పిల్లలకి నాలుగు రోజులు బడి పోతుంది, సెలవు చీటీ నేను రాసిస్తాను.

మౌన_ప్రేక్షకుడు
కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అత్తయ్య గారికి ఈ సంగతి చెప్పారా?

రవి_కేపీహెచ్‌బీ
ఇంకా లేదు. మీరూ చెప్పకండి.

విశాఖ_తరంగం
రుషికొండ అయితే ముక్కనుమ నాడు కూడా వెళ్ళొచ్చు.