గ్రిపెన్ టర్నరౌండ్: ఇంధనం, మిసైళ్లు ఒకేసారి ఎక్కిస్తారా?

బీటెక్ ఏరో ప్రాజెక్టు కోసం, స్వీడన్ యుద్ధవిమానం గ్రిపెన్ రోడ్డు మీద దిగి మళ్లీ ఎగిరేదాకా జరిగే పనులకు టైమ్‌లైన్ వేస్తున్నాను. గగనతల పోరుకు సిద్ధం చేయడానికి ఒక టెక్నీషియన్, తప్పనిసరి సైనిక సేవలో ఉన్న ఐదుగురు సైనికులతో 10 నిమిషాలు చాలంటారు. నా లెక్క 17 దగ్గరే ఆగుతోంది: ఇంధనానికి 6, నాలుగు మిసైళ్లకు 8, తనిఖీకి 3. ఏపీయూ (నేల మీద ఉన్నప్పుడు కరెంటు ఇచ్చే చిన్న సహాయక ఇంజిన్) విమానంలోనే ఉంది కాబట్టి బయటి పవర్ బండి తగిలించే సమయం ముందే తీసేశాను. మిసైళ్ల దగ్గర ఇద్దరికి బదులు నలుగురిని పెట్టి చూసినా ఒకటిన్నర నిమిషమే తగ్గింది. ఇంధనం గొట్టం తగిలించి ఉండగా రెక్క కింద మిసైల్ ఎత్తడం ప్రమాదమనిపించి రెండింటినీ వరుసగా పెట్టాను. బహుశా తేడా అక్కడే వస్తోంది. సోమవారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

స్వీడన్ పద్ధతిలో ఇంధనం ఎక్కుతుండగానే మిసైళ్లు తగిలిస్తారా, లేక ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలుపెడతారా?