సొంత ఊరికి వచ్చేస్తే ఉద్యోగి ఒంటరితనం తీరుతుందా?

అనంతపురం సభ్యుడు:
ఒంటరితనం బెంగళూరు అద్దెగదుల్లో పుట్టిన జబ్బనీ, ఇంటి నుంచి పని చేసుకుంటే అదే పోతుందనీ ఇక్కడ ఒకరు రాశారు. నేను అంగీకరించలేను. 2020లో లాక్‌డౌన్‌కు ఇల్లు చేరినవాణ్ణి ఇప్పటికీ ఇక్కడి నుంచే పనిచేస్తున్నాను. ఉదయం మీటింగులో ఉండగా మా అమ్మ కెమెరాకు కనబడకుండా గోడవారగా వచ్చి ఉగ్గాని, బజ్జీల పళ్లెం బల్ల మీద పెట్టిపోతుంది. నేను హెడ్‌ఫోన్లు తీసేసరికి అది చల్లారిపోయి ఉంటుంది. మూడు నెలలు కష్టపడిన ప్రాజెక్టును నిరుడు ఒక్క మెయిల్‌తో రద్దుచేసినప్పుడు, ఆ బాధేమిటో ఇంట్లో ఎవరికీ వివరించలేకపోయాను. "జీతమైతే ఆపలేదు కదా నాయనా" అన్నారు నాన్న. ఆయన తప్పేమీ లేదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనాన్ని రెండుగా విడదీశారు: ఆప్తులు లేని లోటు ఒకటి, తోటివారి కూటమి లేని లోటు మరొకటి. మొదటిది తీరినంత మాత్రాన రెండోది తీరదు. ఇల్లు నాకు మొదటిదాన్ని మాత్రమే తీర్చింది. కాబట్టి వారానికి రెండు రోజులైనా ఆఫీసు ఉండాలంటాను, 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణమైనా సరే.

కర్నూలు సభ్యురాలు:
ఆ తోటివారి కూటమి మీద మీకున్న నమ్మకం నాకు లేదు. బెంగళూరు హాస్టల్లో నేను మూడు రోజులు జ్వరంతో పడుకుంటే, రోజూ కలిసి భోంచేసే ఆరుగురిలో ఒక్కరూ గది తలుపు తట్టలేదు, వచ్చిన సందేశమల్లా "ఆ ఫైలు ఎక్కడుంది?" అని. అదే కర్నూలులో రెండు రోజులు వాకిట్లో కనబడకపోతే, ఎదురింటి అత్త చారు గిన్నెతో వచ్చేస్తుంది. (పెళ్లెప్పుడని కూడా అడుగుతుంది, అది వేరే చర్చ.)

కడప సభ్యుడు:
ఇద్దరూ చోటు గురించే వాదిస్తున్నారు. పనిభారంతో వచ్చే బర్నౌట్‌ను, అంటే పూర్తిగా అలసి డీలాపడిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధమైన స్థితిగానే గుర్తించింది, వ్యాధిగా కాదు. అది ఊరు మారితే పోదు, పని తీరు మారాలి. అయితే రెండు వారాలు దాటినా దిగులు వదలక, నిద్ర, ఆకలి తప్పితే కుంగుబాటేమోనని చూపించుకోవాలి. హెచ్ఆర్‌కు తెలుస్తుందేమోనన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అది ప్రభుత్వ సేవ, మీ కంపెనీది కాదు.

అనంతపురం సభ్యుడు:
హెచ్ఆర్ భయం నిజమే. నాకూ ఉండింది. ఆఫీసు రెండు రోజుల మాట మాత్రం వెనక్కి తీసుకోను.