యాకితోరి షాపుకి తీసుకెళ్తారంట, ఏం ఆర్డర్ చెప్పాలి?

కావలి కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది కావలి. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీ ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. వచ్చే నెల ట్రైనింగ్‌కి నగోయా పంపిస్తున్నారు. వీసా, టికెట్లు అయిపోయాయి. ఇక నా టెన్షన్ అంతా తిండి గురించే. దిగిన వారంలోనే అక్కడి టీమ్ వాళ్ళు యాకితోరి తినడానికి తీసుకెళ్తామని మెయిల్ పెట్టారు. కోడిముక్కలు పుల్లకి గుచ్చి కాలుస్తారని యూట్యూబ్‌లో చూశా, అంతవరకే తెలుసు. మెనూ అంతా జపనీస్‌లో ఉంటే ఏం చెప్పాలి? నేను మందు తాగను. బీఫ్, పోర్క్ ముట్టను, అమ్మకి మాటిచ్చా. కారం లేకపోతే నాకు ముద్ద దిగదు. బిల్లు ఎంతవుతుంది, ఎవరు కడతారు? వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండన్నా.

మూలాపేట మామ (నెల్లూరు)

తమ్ముడూ, నగోయా అన్నావు గాబట్టి వదలకుండా రాస్తున్నా. నేను కొన్నాళ్ళు ఆ చుట్టుపక్కలే పనిచేశాను. ఇప్పుడు నెల్లూరులోనే ఉన్నా. ఆదివారం చికెన్ కొట్టు ముందు నిలబడితే ఇప్పటికీ ఆ షాపులే గుర్తొస్తాయి. మనం స్కిన్‌లెస్ కొట్టమని చెప్పి తీసేయించే తోలుకి అక్కడ విడిగా ఒక పుల్ల ఉంది. డబ్బులిచ్చి మరీ తింటారు.

భయపడాల్సిందేం లేదు. కూర్చోగానే చేతులు తుడుచుకోడానికి తడి టవల్ ఇస్తారు, తాగడానికేం కావాలని అడుగుతారు. ‘ఊరొన్ చా’ అను. చక్కెర లేని చల్లటి టీ, మందు తాగనివాళ్ళు ఎక్కువగా తీసుకునేది అదే. అందరి గ్లాసులూ వచ్చి ‘కంపాయ్’ (మన చీర్స్) అనేదాకా నోట్లో పెట్టుకోకు. ఈలోగా నువ్వు అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి పెడతారు. ఫ్రీ అనుకోవద్దు. దాన్ని ‘ఒతోషి’ అంటారు, మనిషికి 300 నుంచి 500 యెన్ బిల్లులో పడుతుంది. కూర్చున్నందుకు కట్టే డబ్బు అనుకో. మోసమేం కాదు, అక్కడ అది పద్ధతి. ‘తోరికిజొకు’ లాంటి చెయిన్ షాపుల్లో అది ఉండదు. వాటిలో అన్ని వంటకాలూ ఒకటే ధర, టాబ్లెట్‌లో ఇంగ్లీషు కూడా ఉంటుంది. మీవాళ్ళు అట్టాంటిచోటికి తీసుకెళ్తే నువ్వు ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అన్నీ ఒకేసారి చెప్పెయ్యకు. రెండు మూడు రకాలు చెప్పి, వేడివేడిగా తిని, తర్వాత ఇంకో రెండు చెప్పు. పుల్ల చల్లారితే కొవ్వు గడ్డకట్టి రుచి పోతుంది. గమ్మున ‘మొమొ’తో మొదలుపెట్టు. తొడ మాంసం, ఎవరికైనా నచ్చుతుంది. ‘నెగిమ’లో మధ్య మధ్య లావాటి ఉల్లికాడ ముక్క గుచ్చుతారు, ఆ కాడ కాలాక తియ్యగా అయిపోతుంది. ‘కవ’ అంటే తోలు. బాగా కరకరలాడేదాకా కాల్చాలి కాబట్టి ఆలస్యంగా వస్తుంది, ముందే చెప్పి పెట్టుకో. ‘సునగిమొ’ మన కందనకాయే. ‘హత్సు’ గుండెకాయ. చిన్నప్పుడు మా ఇంట్లో కందనకాయ కోసం అక్కచెల్లెళ్ళతో కొట్టుకున్నవాణ్ణి, అక్కడ పుల్ల నిండా కందనకాయలే ఇస్తే నాకు ఇంకేం కావాలి! ‘రెబా’ అంటే కార్జం. దీన్ని కొన్నిచోట్ల లోపల గులాబీ రంగుగానే వదిలేస్తారు. నీకు అట్టా వద్దనుకుంటే ‘యొకు యైతే కుదసాయ్’ అను, బాగా కాల్చి ఇస్తారు. పచ్చిగానో, పైపైన కాల్చో చికెన్ పెట్టే షాపులు కూడా అక్కడక్కడా ఉన్నాయి. ఎవరెంత బలవంతపెట్టినా దాని జోలికి పోవద్దు. పచ్చి కోడిమాంసంతో కాంపైలోబాక్టర్ అనే క్రిమి వచ్చి కడుపు పాడవుతుంది, వాళ్ళ ప్రభుత్వమే జాగ్రత్త చెప్తుంది.

ప్రతి పుల్లకీ ‘షియొ’నా ‘తారె’నా అని అడుగుతారు. షియొ అంటే ఉప్పు మాత్రమే. తారె అంటే సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం, చక్కెర కలిపి కాచిన తియ్యటి పులుసు. నా మాట విని కందనకాయ, తోలు ఉప్పుతో తిను. కార్జం, ‘త్సుకునె’ అనే కైమా ఉండ తారెతో తిను. మొమొ ఎట్టాగైనా బాగుంటుంది. అన్నీ తారెతోనే చెప్తే నాలుగో పుల్లకి నాలుక తీపెక్కిపోతుంది.

కారం సంగతి. బల్ల మీద ‘షిచిమి’ అని చిన్న డబ్బా ఉంటుంది, ఏడు రకాల దినుసుల పొడి. మన నాలుకకి అదేం కారం కాదు, వాసనకి మాత్రం బాగుంటుంది. ‘యుజు కొషొ’ ఉందా అని అడుగు. పచ్చిమిర్చి, యుజు అనే నిమ్మజాతి కాయ తొక్క, ఉప్పు కలిపి నూరిన పచ్చడి. అదుంటే నీకు ముద్ద దిగినట్టే. రవ్వంతే పెట్టుకో, ఉప్పు ఎక్కువ.

నగోయా వెళ్తున్నావు గాబట్టి రెండు విషయాలు. ‘నగోయా కొచిన్’ అని అక్కడి పేరున్న కోడి ఉంది. కండ గట్టిగా, రుచిగా ఉంటుంది, ధర ఎక్కువ. మన నాటుకోడి అలవాటున్నవాడికి అది నచ్చి తీరుతుంది. రెండోది, నగోయా ‘తెబసకి’. కోడి రెక్కల్ని నూనెలో వేయించి మిరియాలు దండిగా చల్లుతారు. అది యాకితోరి కాదు, కానీ కారం మనిషివి నువ్వు, దాన్ని వదలొద్దు.

తిన్న పుల్లలు వెయ్యడానికి బల్ల మీద ఒక గొట్టం లాంటి గ్లాసు ఉంటుంది, అందులో వేసెయ్. ముక్కల్ని పుల్ల నుంచి ఊడదీసి అందరికీ పంచడం కొందరు వంటవాళ్ళకి నచ్చదు. పుల్లతోనే కొరుక్కుని తిను.

ఒంగోలు అమ్మాయి

మామయ్య చెప్పినవన్నీ కరెక్టే. నేను ఒసాకాలో చదువుకుంటున్నా, పోర్క్ గురించి ఒక మాట చెప్తాను. కోడి షాపే కదా అని ధీమాగా ఉండొద్దు అన్నా. ‘బుతబరా’ అని పంది పొట్టభాగం పుల్ల చాలా మెనూల్లో ఉంటుంది. బేకన్ చుట్టిన టమాటా, ఆస్పరాగస్ పుల్లలు కూడా ఉంటాయి, చూడ్డానికి కూరగాయల్లా కనిపిస్తాయి. హొక్కైదోలోని మురొరాన్ ఊళ్ళో అయితే యాకితోరి అని అడిగితే పందిమాంసం, ఉల్లిపాయ గుచ్చి ఇస్తారు! ‘బుతనికు తొ గ్యూనికు వ తబెరరెమసెన్’ అని ముందే మీ టీమ్‌కి చెప్పండి. వాళ్ళే చూసుకుంటారు. కానీ అదే పొయ్యి మీద కాలుస్తారు, పుల్లల్ని అదే తారె కుండలో ముంచుతారు. ఆ పట్టింపు కూడా ఉంటే ఉప్పువే చెప్పండి, పొయ్యి మాత్రం ఒకటే. తారెలో సాకే (బియ్యంతో చేసే మద్యం) కూడా చాలాచోట్ల పోస్తారు.

పొగ పడనివాళ్ళకి ఇంకోటి. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ హోటళ్ళలో సిగరెట్ ఆపేశారు గానీ, చిన్న పాత షాపులకి మినహాయింపు ఉంది. యాకితోరి షాపుల్లో అట్టాంటివి చాలానే ఉంటాయి. తలుపు మీద బోర్డు చూసుకోండి.

అద్దంకి శాకాహారి

నాలాంటివాళ్ళకి ఏమన్నా దొరుకుతుందా అసలు? మా ఆయన వెళ్దామంటున్నారు.

మూలాపేట మామ (నెల్లూరు)

అమ్మా, దొరుకుతుంది గానీ తృప్తిగా ఉండదు. షిషితో మిరపకాయలు, షీతకె పుట్టగొడుగులు, ‘గిన్నాన్’ అని పచ్చటి గింకో గింజలు పుల్లకి గుచ్చి కాలుస్తారు. ఉడకబెట్టిన ‘ఎదమామె’ అనే పచ్చి సోయా కాయలు ఉంటాయి. చల్లటి టోఫు మాత్రం చూసి తీసుకోండి, దాని మీద ఎండుచేప తురుము చల్లుతారు. పొయ్యి ఒకటే అన్నది ఇందాక అమ్మాయి చెప్పనే చెప్పింది. నా సలహా, మీవారు తిని రానివ్వండి, మీరు ఇంకోచోట తినండి.

కావలి కుర్రోడు

అన్నా, చాలా థ్యాంక్స్. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. రెండే డౌట్లు. అన్నం ఉంటుందా? బిల్లు సంగతి చెప్పలేదు.

మూలాపేట మామ (నెల్లూరు)

అవును, మర్చిపోయా. అన్నం చివర్లో చెప్పాలి. ‘యాకి ఒనిగిరి’ అంటే అన్నం ముద్దకి సోయా సాస్ పూసి నిప్పుల మీద కాలుస్తారు, పైన పెచ్చు కట్టి బాగుంటుంది. కొన్నిచోట్ల కోడి సూప్‌లో అన్నం వేసి జావలాగా ఇస్తారు. అది దొరికితే ఒనిగిరి బదులు అదే చెప్పు.

బిల్లు అంటే, మామూలు షాపుల్లో పుల్ల 150 నుంచి 300 యెన్ ఉంటుంది. మందు తాగనివాడికి 2,000 నుంచి 3,000 యెన్‌లో కడుపు నిండుతుంది. ఒక యెన్ అంటే అర్ధరూపాయి పైమాటే, లెక్క వేసుకో. పెద్ద పేరున్న చోట్ల, వకయమ ప్రాంతంలో చేసే ‘బించోతాన్’ బొగ్గుల మీద కాల్చేచోట్ల ఇంకా అవుతుంది. ఆ బొగ్గు ఒకదానికొకటి తగిలితే ఇనుము మోగినట్టు మోగుతుంది, పొగ పెద్దగా రాదు. విసనకర్రతో విసురుతూ నిలబడ్డ ఆ వంటవాణ్ణి చూస్తే నాకు మైపాడు బీచిలో మొక్కజొన్న కండెలు కాల్చే అవ్వ గుర్తొచ్చేది. కౌంటర్ దగ్గర సీటు దొరికితే అక్కడే కూర్చో, కాల్చేది కళ్ళారా చూడొచ్చు.

కొత్తగా వచ్చినవాడి కోసం పెట్టే పార్టీ అయితే చాలాసార్లు నీ దగ్గర తీసుకోరు. మామూలు రోజుల్లో అందరూ సమానంగా పంచుకుంటారు, నువ్వు టీ తాగినా సరే. గొణక్కుండా ఇచ్చెయ్. టిప్పు పెట్టొద్దు, మర్చిపోయావనుకుని వెనకాలే పరిగెత్తుకొస్తారు. చిన్న షాపుల్లో కార్డు తీసుకోకపోవచ్చు, జేబులో ఒక ఐదువేల నోటు పెట్టుకుని వెళ్ళు.