క్రోమియం జంట మధ్య నిజంగా ఐదు బంధాలున్నాయా?

స్ఫటికం
మా గైడ్ రెండు లోహ పరమాణువులు పక్కపక్కనే ఉండే సంశ్లిష్టాల మీద పనిచేస్తారు. నా డ్రాఫ్టులో "పంచబంధం" అని రాసిన ప్రతిచోటా సున్నా చుట్టి, "నువ్వు లెక్కపెట్టింది ఎలక్ట్రాన్లని, బంధాల్ని కాదు" అన్నారు. నాకు మింగుడుపడలేదు. 2005లో ఫిలిప్ పవర్ బృందం తయారుచేసిన సమ్మేళనం తీసుకోండి. అందులో ఒక్కో క్రోమియం దగ్గర ఐదు ఎలక్ట్రాన్లు డి ఆర్బిటాల్‌లలో (ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోట్లలో), రెండింటి మధ్య దూరం 1.835 ఆంగ్‌స్ట్రామ్‌లే (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). ఆర్బిటాల్‌లు కలిసే తీరుని బట్టి ఒక సిగ్మా, రెండు పై, రెండు డెల్టా బంధాలు, మొత్తం ఐదు. అంత దగ్గరికి వచ్చాక ఐదు అనడానికి అడ్డేంటి?

నీలిద్రావణం
మీ గైడ్ చెప్పిందే కరెక్టు. దూరాన్ని నమ్ముకుంటే మునిగిపోతారు.

క్రోమియం అసిటేట్ సంగతే చూడండి. 1844లో పెలిగో చేసిన పాత సమ్మేళనం, ఇప్పటికీ ల్యాబుల్లో చేయిస్తారు. డైక్రోమేట్ ద్రావణంలో జింకు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే నారింజ పోయి ఆకుపచ్చ వస్తుంది, అదీ పోయి నీలం తేలుతుంది. లోపల పుట్టే హైడ్రోజన్ ఒత్తిడితోనే ఆ నీలాన్ని గాలి తగలకుండా సోడియం అసిటేట్‌లోకి నెడితే ఇటుక ఎరుపు స్ఫటికాలు దిగుతాయి. నీలంగా ఉన్నప్పుడు క్రోమియం ఒంటరిది, నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లతో ఉంటుంది. ఎర్రబడేసరికి జంట కట్టి ఉంటుంది, అయస్కాంత గుణం దాదాపు మాయం. కాబట్టి బంధం ఉంది, అందులో గొడవ లేదు.

ఇప్పుడు దూరం. రెండు చివర్లా నీటి అణువులున్న ఈ స్ఫటికంలో 2.36 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీళ్లు లేని అసిటేట్‌ని వాయు స్థితిలో కొలిస్తే 1.97. కాగితం మీద రెండు చోట్లా నాలుగు బంధాలే. చివర్న నీళ్లు వచ్చి కూర్చుంటేనే ఇంత సాగే బంధాన్ని పొడవు చూసి ఎలా లెక్కేస్తారు?

డెల్టాపక్షం
నీలిద్రావణం గారూ, లెక్కని అంత తేలిగ్గా తీసిపారేయకండి. 1964లో కాటన్ బృందం క్లోరిన్‌లు చుట్టూ ఉన్న రీనియం జంటకి చతుర్బంధం (నాలుగు బంధాలు) అని చెప్పింది 2.24 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం ఒక్కటే చూసి కాదు. అటు నాలుగు క్లోరిన్‌లు, ఇటు నాలుగు సరిగ్గా ఎదురెదురుగా నిలబడ్డాయి. వాటికవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా, హాయిగా పక్కకి తిరిగి ఉండొచ్చు. తిరగలేదంటే డెల్టా బంధం పట్టుకుని ఉన్నట్టే, తిరిగితే ఆ ఆర్బిటాల్‌ల అతిపాతం (ఒకదాని మీద ఒకటి పరుచుకోవడం) పోతుంది. ఇక పక్కనున్న ఆస్మియం. ఒక్కో పరమాణువుకి ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ, అవి వెళ్లి డెల్టా అపబంధక (బంధాన్ని దెబ్బతీసే) ఆర్బిటాల్‌లో కూర్చుంటాయి, డెల్టా రద్దు. లెక్క ప్రకారం త్రిబంధమే మిగలాలి. అక్కడ క్లోరిన్‌లు పక్కకి తిరిగిపోయిన స్ఫటికాలు నిజంగానే ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నీలిద్రావణం
ఆస్మియం మీరే తెచ్చారు, థ్యాంక్స్. అక్కడ దూరం సుమారు 2.18. త్రిబంధం చతుర్బంధం కన్నా పొట్టిగా ఉంది! లోహం మారింది, పరమాణువు సైజు మారింది, అంతే. స్ఫటికం గారి 1.835 ఏం రుజువు చేస్తుందో ఇప్పుడు చెప్పండి.

లెక్కలమనిషి
పొడవు పక్కన పెట్టండి. అసలు చూడాల్సింది ఎలక్ట్రాన్లు ఏ ఆర్బిటాల్‌లో ఎంత వంతు ఉన్నాయో. డెల్టాలో అతిపాతం చాలా తక్కువ కాబట్టి బంధక, అపబంధక ఆర్బిటాల్‌ల మధ్య శక్తి తేడా కూడా తక్కువే. అందుకని జత మొత్తం కింద ఉండదు, కొంత వాటా పైకి జారుతుంది. బంధక వాటాలోంచి అపబంధక వాటా తీసేసి సగం చేస్తే అసలు బంధ క్రమం, అంటే నిజంగా ఎన్ని బంధాల విలువో, వస్తుంది. సైద్ధాంతిక రసాయన శాస్త్రవేత్తలు గాలియార్డి, రోస్ ఇలా లెక్కేస్తే రీనియం జంటకి 4 కాదు, 3.2 వచ్చింది. పవర్ సమ్మేళనానికి నమూనాగా తీసుకున్న చిన్న అణువుకి సుమారు 3.5.

చుట్టూ ఏ గుంపులూ లేని విడి క్రోమియం జంట ఇంకా విచిత్రం. కాగితం మీద ఆరు బంధాలు, దూరం 1.68. విడగొట్టడానికి మాత్రం మోలుకి 150 కిలోజౌళ్ల దాకా చాలు. నైట్రోజన్ మూడు బంధాలకి 945.

కొత్తవిద్యార్థి
సర్, పరీక్షలో రీనియం అడిగితే 4 రాయాలా 3.2 రాయాలా?

లెక్కలమనిషి
4 రాయి నాయనా. మార్కులు ముఖ్యం.

డెల్టాపక్షం
శక్తితో బంధాలు లెక్కపెడతారా? ఫ్లోరిన్ అణువుని విడగొట్టడానికీ 158 కిలోజౌళ్లే. మామూలు కార్బన్–కార్బన్ ఏకబంధానికి 350 దాకా కావాలి. అలాగని ఫ్లోరిన్‌ది అరబంధం అన్నవాళ్లు నాకైతే కనపడలేదు.

లెక్కలమనిషి
ఫ్లోరిన్‌లో ఒంటరి జంటలు (బంధంలో లేని ఎలక్ట్రాన్ జతలు) నెట్టుకుంటాయి, అందుకే బలహీనం. జారుడు అక్కడా కొంత ఉంది కానీ ఒక్క జతలోనే. క్రోమియంలో జతలే సడలిపోయి ఉన్నాయి. రెండూ ఒకటి కాదు. శక్తి వద్దంటే వదిలేస్తాను, 3.5కి జవాబు చెప్పండి.

స్ఫటికం
మరి ఆ తర్వాత కెంపే బృందం ఇలాంటి క్రోమియం జంటలో దూరాన్ని 1.73 దాకా తగ్గించింది కదా?

నీలిద్రావణం
తగ్గించారు, కానీ ఆ లిగాండ్‌లు (లోహాన్ని అంటుకుని ఉండే గుంపులు) నైట్రోజన్–కార్బన్–నైట్రోజన్ వంతెనలా రెండు క్రోమియంల మీదా చేయి వేసి క్లిప్పులా దగ్గరికి పట్టుకుంటాయి. అందులో లోహాల ఇష్టం ఎంత, లిగాండ్ బలవంతం ఎంత? పవర్ సమ్మేళనంలో అలాంటి వంతెన లేదు, చెరో వైపు ఒక పెద్ద ఆరైల్ (బెంజీన్ వలయాల) గుంపు ఉంటుంది. అందుకే నాకు 1.73 కన్నా 1.835 మీదే గౌరవం. ఇంకోటి, ఐదు జతలు పాల్గొంటున్నాయంటే బంధ క్రమం ఐదు అని కాదని, బంధం చాలా బలమైనదనీ కాదని పవర్ బృందమే ఆ పేపర్లో చెప్పింది. చేసినవాళ్లే చెయ్యని క్లెయిమ్ మీరెందుకు నెత్తికెత్తుకోవడం?

డెల్టాపక్షం
సరే, క్రమం ఐదు కాదనుకుందాం. కానీ 3.2 కూడా కొలిచిన సంఖ్య కాదు, ఒక లెక్క ఇచ్చిన సంఖ్య. ఏ ఆర్బిటాల్‌లని లెక్కలోకి తీసుకున్నారో మారిస్తే అదీ కదులుతుంది. ఎదురెదురుగా నిలబడ్డ క్లోరిన్‌లని మాత్రం ఎక్స్‌రేలో కళ్లారా చూడొచ్చు. నేను చతుర్బంధం అనే రాస్తాను.

స్ఫటికం
టైటిల్లోంచి పంచబంధం తీసేశాను. లోపల "ఐదు జతల ఎలక్ట్రాన్లు" అని రాసి, పట్టికలో లాంఛన క్రమం (కాగితం మీది లెక్క) ఒక గడి, లెక్కలో వచ్చింది ఇంకో గడి పెడుతున్నాను. లెక్కలమనిషి గారూ, నా సమ్మేళనానికి ఏ ఆర్బిటాల్‌లు తీసుకోవాలో కాస్త చెప్తారా? ఒక్కో క్రోమియంకి ఐదు డి, ఒక ఎస్ అనుకుంటున్నాను.

లెక్కలమనిషి
పన్నెండు ఆర్బిటాల్‌లు, పది ఎలక్ట్రాన్లు. దాంతో మొదలుపెట్టండి. లిగాండ్ చిన్నది చేసి నమూనా వెయ్యకపోతే కంప్యూటర్ రోజుల తరబడి లేవదు.