వేమన రాయని వేమన పద్యానికి ఎన్ని మార్కులు వేయాలి?

పల్లెటూరి పంతులమ్మ:
పదో తరగతికి తెలుగు చెబుతాను. ఎఫ్‌ఏ (బడిలోనే మార్కులేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుకి నచ్చిన వేమన పద్యాలు అయిదు, ఎందుకు నచ్చాయో నాలుగు మాటలు రాసుకురమ్మన్నాను. 38 మందిలో 11 మంది నాన్న ఫోన్లో చాట్‌జీపీటీని అడిగి ఎక్కించుకొచ్చారు. నేను బుద్ధెరిగాక వినని పద్యాలు! చివర 'విశ్వదాభిరామ' మాత్రం తప్పలేదు. ఒకదాంట్లో 'సమయపాలన' కూడా ఉంది. వివరణలన్నీ 'ఈ పద్యం మనకు గొప్ప సందేశాన్ని అందిస్తుంది' అనే మొదలు. దస్తూరీ మాత్రం ముత్యాలే. సున్నా వేస్తే ఇంట్లో వీపులు పగులుతాయి. వేయకపోతే, వాళ్ల అవ్వని అడిగి మూడంటే మూడు పద్యాలు తప్పులతో రాసుకొచ్చిన పిల్లకి అన్యాయం. ఏం చేయమంటారు?

లెక్కల మాస్టారు:
ఏఐ రాసిందో కాదో చెప్పే సైట్లున్నాయి కదా మేడం. అందులో పెట్టి చూడండి.

కంప్యూటర్ టీచర్:
వాటిని నమ్ముకోకండి సార్. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2023 జనవరిలో అలాంటిదొకటి పెట్టి జులైకల్లా తీసేశారు. వాళ్ల పరీక్షలోనే, ఏఐ రాసినవాటిలో 26 శాతమే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐవే అంది. అదీ ఇంగ్లీషులో.

రిటైరైన పండితుడు:
అమ్మా, సైట్లెందుకు, ఛందస్సు ఉండగా? ఎవరి పద్యానికి వాళ్లచేతే గణవిభజన చేయించు. ఆటవెలదికి 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మకుటం ఒక్కటే కుదురుతుంది చూడు.

పల్లెటూరి పంతులమ్మ:
నమస్కారం మాస్టారూ, ఇవాళ చేయించాను. సమయపాలన కుర్రాడు బోర్డు మీద రెండో పాదం దగ్గర ఆగిపోయి, "టీచర్, వేమనకి ఛందస్సు రాదా?" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. నిజం వాళ్లే ఒప్పుకున్నారు. బోర్డు దగ్గర తంటాలు పడినందుకు 11 మందికీ పదికి నాలుగేశాను. అవ్వ మనవరాలికి తొమ్మిది. పదీ వేసేదాన్నే గానీ, ఆ మూడింట్లో ఒకటి 'అక్కరకు రాని చుట్టము'. అది సుమతీ శతకంలోది.